జూలియానె గాజు

లండన్‌లో మూడు రోజులు హాయిగా గడిచాయి. నాలుగో రోజు మా లాడ్జివాళ్లు ఏడిపించారు. రాత్రికి 118 పౌండ్లు, పైగా లిఫ్ట్ ఉందన్నారు. అది ఒక్క పూట కూడా పని చెయ్యలేదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ రోజూ మూడంతస్తులు ఎక్కింది. ఖాళీ చేశాక సాయంత్రం దాకా పెట్టెలు ఉంచమంటే ఒక్కోదానికి 8 పౌండ్లు అడిగారు. బుక్ చేసినప్పుడు ఉచితమనే ఉంది. ఫోన్లో చూపించినా వినలేదు. బ్రిటిష్ మ్యూజియంలోకి సూట్‌కేసులు రానివ్వరు కాబట్టి 16 పౌండ్లు కట్టక తప్పలేదు. అమ్మ ముఖం మాడ్చుకుని, "నేరుగా ఎయిర్‌పోర్టుకే పోదాం" అంది.

మ్యూజియంలోకి టికెట్ అక్కర్లేదు. పై అంతస్తులో 49వ గదికి తీసుకెళ్లాను. అక్కడే హాక్సన్ అనే ఇంగ్లండ్ ఊళ్లో దొరికిన రోమన్ల కాలపు నిధి ఉంది. 1992లో రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం ఎరిక్ లాస్ అనే ఆయన మెటల్ డిటెక్టర్‌తో పొలంలో వెతుకుతుంటే బయటపడింది. 15 వేలకు పైగా నాణేలు, వాటితో పాటు నగలు. దొరికినదల్లా లాగేయకుండా అధికారులకు కబురు పెట్టాడు, అందుకే నిధి పెట్టెలో సర్దినది సర్దినట్టు తెలిసింది. ఆ మనిషికి దండం పెట్టాలి.

రెండు భుజాల మీదుగా, చంకల కిందుగా వేసుకునే బంగారు గొలుసు దగ్గర అమ్మ ఆగిపోయింది.

"ఎన్ని కాసులుంటుందే?"

249.5 గ్రాములు. 31 కాసుల పైమాటే. ముందువైపు బిళ్లలో ఊదారంగు రాయి, చుట్టూ నాలుగు కెంపురంగు గార్నెట్లు, వాటి మధ్య నాలుగు ఖాళీ గుంటలు. "ముత్యాలుండేవేమో, మట్టిలో ముత్యం నిలవదు" అంది. నిపుణులూ అదే అనుకుంటున్నారు! వెనకవైపు బిళ్లలో రోమన్ చక్రవర్తి గ్రేషియన్ బంగారు నాణెం, మన కాసులపేరులోలాగే.

పక్కనే ఒక బంగారు గాజు. రేకునే జాలీలా కోసి లాటిన్ అక్షరాలు తీశారు: ఉతెరె ఫెలిక్స్ దొమినా యూలియానె. 'సంతోషంగా పెట్టుకోమ్మా, జూలియానె' అని. ఈ నిధిని అయిదో శతాబ్దం మొదట్లో పాతిపెట్టారు, ఎవరూ తిరిగి రాలేదు.

అమ్మ తన గాజు తీసి లోపలివైపు చూపించింది. కంసాలి చెక్కిన అమ్మమ్మ పేరు, అరిగిపోయి, మొదటి అక్షరం మాత్రమే కనిపిస్తోంది. నాకిన్నాళ్లూ తెలియదు.

వెళ్లేవాళ్లు శుక్రవారం వెళ్లండి, రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది. పెట్టెల సంగతి ముందే లాడ్జివాళ్ల చేత రాయించుకోండి.