ఫోర్ బై ఫోర్ సరే, టైర్లు చూశారా? మంచు అడవి దారుల్లో బృందయాత్ర

"మంచు దారులకు సిద్ధమైన ఫోర్ బై ఫోర్" అని డబ్బు కట్టించుకున్న అద్దె సంస్థ మా బృందానికిచ్చిన బండ్లలో రెండు మామూలు రోడ్డు టైర్లతో వచ్చాయి. నాలుగు చక్రాలూ తిరిగితే చాలనే నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. చక్రాలకు ఇంజిన్ బలం అందడం వేరు, అవి నేలను పట్టుకోవడం వేరు. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా ఆదుకునేది రబ్బరే. చలి 7 డిగ్రీల కిందికి దిగితే వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది.

బండి తీసుకునే ముందు టైరు పక్కగోడ చూడండి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేణువు బొమ్మ ఉంటేనే అది మంచులో పరీక్ష నెగ్గిన టైరు. "ఎం ప్లస్ ఎస్" (బురద, మంచు అని అర్థం) అక్షరాలు ఒక్కటే ఉంటే లెక్కలోకి తీసుకోవద్దు. ట్రెడ్ (నేలను తాకే గాడుల పొర) నమూనాను బట్టి తయారీదారు వేసుకునే ముద్ర అది. మాకు కౌంటర్లో చూపించి ఒప్పించబోయింది ఆ ముద్రనే.

మంచులో పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసుల విషయంలో ఇంకా అన్యాయం. విడిగా అద్దె తీసుకుని ఇచ్చిన సంచి విప్పితే కొలతే వేరు. సంచి మీది పట్టికలో మీ టైరు అంకెలు ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోండి. వదులు గొలుసు తిరుగుతూ బ్రేకు గొట్టాన్ని, ఏబీఎస్ సెన్సార్ తీగను కొట్టి పాడుచేస్తుంది. అందుకే పొడినేల మీద ఒకసారి ఎక్కించి చూడకుండా బయల్దేరొద్దు. దారిలో ఎక్కించాక కాస్త దూరం నడిపి, ఆపి, మళ్లీ బిగించాలి. గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు.

ఈ చిరాకంతా మరిపించింది మాకు దొరికిన గైడ్. ఆయనకిచ్చిన ప్రతి రూపాయీ సార్థకం. అడవి దారి మొదట్లోనే అన్ని బండ్లనూ ఆపి గాలి కొలిచే గేజ్ తీశాడు. 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) ఉన్న టైర్లను 18–20కి దించాడు. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బండి మంచులో కూరుకుపోకుండా పైపైన సాగుతుంది. లోతైన మెత్తని మంచులో 15 వరకూ పోవచ్చు కానీ, అక్కడ స్టీరింగ్ విసురుగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. ఉష్ణోగ్రత 5–6 డిగ్రీలు పడితే దాదాపు 1 పీఎస్‌ఐ దానంతటదే పడిపోతుంది కాబట్టి కొలత గ్యారేజీలో కాదు, దారి దగ్గరే తీయాలి. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపడానికి కంప్రెసర్ లేని బృందం గాలి తీయనే కూడదు.

ముందు నడిచే బండికి మంచి టైర్లు, అనుభవమున్న చేయి ఉండాలి. అంతే సమర్థమైన రెండో బండి వరసకు చివర ఉండాలి, మధ్యలో ఎవరు ఇరుక్కున్నా రెండువైపులా లాగే దిక్కుంటుంది. ఎక్కేటప్పుడు ఫోర్ లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలమిచ్చే అమరిక)లో రెండో గేరు బాగుంటుంది. మంచు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య కిందికి వేలాడే గేర్ల పెట్టె) కంటే ఎత్తుగా ఉంటే బండి పొట్ట మీద కూర్చుంటుంది. చక్రం ఒట్టిగా తిరగడం మొదలవగానే కాలు తీసేయండి. ఇంకా తిప్పితే కింది మంచు కరిగి అద్దంలా గడ్డకడుతుంది. వచ్చిన చక్రాల చాళ్లలోనే వెనక్కెళ్లి మళ్లీ రావడమే మార్గం. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లోతు మంచులో ఇంజిన్ బలాన్ని కోసేస్తుంది, అక్కడ ఆపేయండి. గట్టి దారి రాగానే తిరిగి వేయండి. దిగేటప్పుడు ఫోర్ లో, మొదటి గేరు. చక్రాలు బిగుసుకుని జారితే బ్రేకు వదలాలి. మనసు ఒప్పుకోదు కానీ తిరిగే చక్రమే స్టీరింగ్ మాట వింటుంది.

ఇరుక్కున్న బండికి తాడు కట్టే ముందు పార పట్టాలి. నాలుగు చక్రాల ముందు, పొట్ట కింద మంచు తీస్తే లాగే పని సగం తగ్గుతుంది. సాగే తాడును చాసిస్‌కు బిగించిన రికవరీ హుక్కుకే వేయండి. ట్రెయిలర్ లాగే బంతికి కట్టడం ప్రాణాంతకం, అది ఊడితే ఫిరంగి గుండే. బంపర్లో మర తిప్పి బిగించే కొక్కెం కూడా కుదుపుతో లాగడానికి పనికిరాదు. మా అద్దె బండ్లలో ఒకదానికి ఉన్నది అదొక్కటే.

బస గురించి చెప్పాలంటే, భోజనం బాగుంది, పరుపులు బాగున్నాయి, బూట్లు ఆరబెట్టే గది మాత్రం లేదు. తడి బూట్లతో తెల్లారితే బృందంలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. బండ్లు పెట్టే చోటు వాలుగా ఉంది. గడ్డకట్టే రాత్రి హ్యాండ్ బ్రేకు వేస్తే పొద్దున పట్టేసి వదలదు. గేరులో ఉంచి చక్రాలకు చెక్కలు పెట్టాలి, అందుకు చదును నేల కావాలి. గది అడిగేటప్పుడే ఈ రెండూ అడగండి. పొద్దున ఇంజిన్ వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీయాలి. అది మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ బండిలోకే వస్తుంది.

డీజిల్ బండైతే చలికాలపు డీజిల్ పోయించండి. మామూలుది మైనం కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది.

సంతకానికి ముందు అద్దె ఒప్పందంలో బీమా పేజీ చదవండి. "తారు వేయని దారుల్లో జరిగే నష్టానికి వర్తించదు" అనే వాక్యం ఉంటే, ఎంత తక్కువకిచ్చినా ఆ బండి తీసుకోవద్దు.