గడ్డి నిండిన చెరువులో కొర్రమట్టకు ఏది మేలు: జిగ్గా, రబ్బరు కప్పా, ఆఫ్‌సెట్ గాలమా?

వానలకు చెరువులు నిండి మత్తళ్లు దూకిన తర్వాత వరంగల్ చుట్టుపక్కల చాలా చెరువుల్లో నీళ్ల కంటే పచ్చదనమే ఎక్కువగా కనిపిస్తుంది. కట్ట వెంబడి గుర్రపు డెక్క, లోపలికి పోతే తామర, శిఖం వైపు జమ్ము, అడుగున దారాల్లా అల్లుకున్న నాచు ఉంటాయి. కొర్రమట్ట పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేప కనుక, ప్రాణవాయువు చాలక చాలా చేపలు నిలవలేని ఆ నీడ నీళ్లలోనే అది కాపురం పెడుతుంది. అక్కడ మామూలు గాలం వేస్తే ప్రతిసారీ ఆకో కాడో వస్తుంది తప్ప చేప రాదు. అందుకే గడ్డికి తగులుకోని ఎరలు మూడు ఇప్పుడు మన గాలపు పెట్టెల్లోకి వచ్చాయి. మొదటిది అమెరికాలో బాస్ చేపల కోసం రూపొందిన జిగ్, రెండవది లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప, మూడవది ఆఫ్‌సెట్ గాలానికి, అంటే కన్ను దగ్గర మెట్టులా వంచిన గాలానికి, గుచ్చిన మెత్తని ప్లాస్టిక్ పురుగు. వీటిలో ఏది మేలో ముందున్న గడ్డి రకాన్ని చూసి తేల్చుకోవాలని నా అభిప్రాయం.

జిగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొన్నది కొన్నట్టు వేస్తే పనిచేయని ఎర ఇదొక్కటే. సీసం తల, దాని నుంచి పైకి తిరిగిన లావుపాటి గాలం, చుట్టూ సిలికాన్ పోగుల స్కర్టు, గాలం మొనకు ముందు చీపురు పుల్లల్లా ఏటవాలుగా నిలిచిన నైలాన్ పోగుల అడ్డు, ఇదీ దాని నిర్మాణం. ఆ అడ్డే గడ్డిని మొన మీది నుంచి పక్కకు తోస్తుంది. అయితే కొత్త జిగ్‌లో ఆ పోగులు సాధారణంగా అవసరానికి మించి పొడవుగా, గట్టిగా ఉంటాయి. మొదట్లో ఈ విషయం తెలియక అలాగే వేసి, ఒకే ఉదయం రెండు మంచి కొర్రమట్టలను పోగొట్టుకున్నాను; రెండూ నోట పట్టాయి, కానీ పోగులు వంగక మొన దవడకు తగలలేదు. అప్పటి నుంచి గాలం మొన కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పైకి ఉండేలా పోగులను కత్తిరించి, నాలుగైదు పోగులను మొదలంటా తీసేసి, మిగిలినవాటిని విసనకర్రలా విప్పుతున్నాను. బొటనవేలితో మెల్లగా నొక్కితే పోగులు వంగి మొన వేలికి తగలాలి. గట్టిగా నొక్కాల్సి వస్తే ఇంకా కొన్ని తీయాలి.

తర్వాత స్కర్టు కొసలను కాస్త కురచ చేసి, గాలానికి రెక్కల ప్లాస్టిక్ ముక్కను వంకర లేకుండా నిటారుగా ఎక్కించాలి. వంకరగా ఎక్కితే నీళ్లలో గిరగిరా తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. గట్టు మీద నుంచి వేయడానికి 10 నుంచి 14 గ్రాముల బరువు సరిపోతుంది. తల కొన సన్నగా ఉండి, దారం కట్టే కన్ను ముక్కు దగ్గరే ఉన్న రకాన్ని ఎంచుకుంటే కాడల మధ్య నుంచి సులువుగా జారివస్తుంది. దారం 40 పౌండ్ల లాగుడుకు ఆగే అల్లిక దారమైతే మంచిది. దారాన్ని రెండు పేటలుగా మడిచి కన్నులోంచి తీసి, వదులుగా ఒక ముడి వేసి, ఆ ఉచ్చులోంచి జిగ్‌ను పూర్తిగా దాటించి, తడి చేసి బిగించే పాలోమార్ ముడి నాకు ఇంతవరకు జారలేదు.

దీన్ని వాడాల్సింది తామర కాడల మధ్య, జమ్ము అంచున, గుర్రపు డెక్కలో పడిన సందుల్లో. చప్పుడు లేకుండా సందులోకి దించి, అది కిందికి పోతున్నంతసేపూ దారం మీదే చూపు ఉంచాలి. దారం ఒక్కసారి పక్కకు జరిగినా, అడుగు అందకముందే ఆగినా అది చేపే. దారంలో వదులు తీసి బలంగా లాగి, చేప తల ఆకుల పైకి వచ్చేదాకా ఆగకుండా తేవాలి. కాడకు తట్టుకున్నప్పుడు మాత్రం గుంజకూడదు, రాడ్డు కొనను రెండు మూడు సార్లు వణికిస్తే దానంతటదే దాటుతుంది.

నీళ్లు కనిపించకుండా గుర్రపు డెక్క పరుచుకున్న చోట జిగ్ ఓడిపోతుంది, అది కిందికి దిగితేనే కదా ఫలితం. అక్కడ రబ్బరు కప్పకు సాటి లేదు. రెండు గాలాల మొనలూ కప్ప వీపుకు ఆనుకుని ఉండడం వల్ల ఆకుల మీద పాకిస్తూ తేవచ్చు, అంచు దగ్గర ఒక్క క్షణం ఆపవచ్చు. కొర్రమట్ట ఆకులను చీల్చుకుని పైకి లేచే ఆ దృశ్యం కోసమే చాలామంది కప్పను వదలరు, వారిని నేను కాదనను. కాకపోతే తప్పిపోయే చేపలు దీనితోనే ఎక్కువ. చప్పుడు వినగానే లాగకుండా బరువు చేతికి తెలిసేదాకా ఆగాలి. మొనలను పట్టకారుతో వెంట్రుకవాసి పైకి వంచుకుంటే కొంత నయం. లోపలికి చేరిన నీటిని నొక్కి తీయకపోతే కప్ప మునిగిపోతుంది.

దారాల నాచులో ఈ రెండూ పనికిరావు. జిగ్ పోగులకు, స్కర్టుకు నాచు చుట్టుకుని రెండు విసుర్లకే పచ్చటి ముద్దవుతుంది. తూటా ఆకారపు సీసం వెనుక మొనను తనలోనే దాచుకున్న ప్లాస్టిక్ పురుగు మాత్రం సూదిలా దూరిపోతుంది. ఖర్చులోనూ ఇదే తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్కటే కొనదలిస్తే నేను దీన్నే కొనమంటాను.

ఏది వేసినా రెండు జాగ్రత్తలు తప్పవు. చాలా చెరువుల్లో చేపల హక్కు స్థానిక మత్స్య సహకార సంఘానిది కనుక ముందుగా వారిని అడగాలి. పాఖాల వంటి అభయారణ్యపు నీళ్ల జోలికి పోకూడదు. వానకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కుతకుతలాడుతూ కనిపిస్తే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టే. కాపలాలో ఉన్న చేప పిల్లల దగ్గరికి వచ్చిన దేన్నైనా కొడుతుంది కనుక దాన్ని పట్టడం తేలిక, కానీ అది పోతే ఆ గుంపును మిగతా చేపలు మిగల్చవు. అక్కడ గాలం ఎత్తి నాలుగడుగులు ముందుకు పోవాలి.

ఎండాకాలం వచ్చి గడ్డి ఎండి, నీళ్లు తూము దగ్గరి లోతుకు చేరినప్పుడు మళ్లీ జిగ్‌దే పైచేయి. అప్పుడు రెండు పూటలా చల్లటి వేళల్లో, రాళ్ల అంచున, అడుగుకు ఆనించి నెమ్మదిగా జరపాలి.