బాలింత బెల్ట్: నడుముకు ఆసరా ఇస్తుంది, బరువు తగ్గించదు

పురిటి ఇంటికి ఇప్పుడు శొంఠి, నెయ్యితో పాటు తప్పకుండా వస్తున్న వస్తువు మూడు ముక్కల బాలింత బెల్ట్. పొట్టకొకటి, నడుముకొకటి, తుంటికొకటి. సాగే గుడ్డ, చివర్లో వెల్క్రో, నిలువుగా వంగే ప్లాస్టిక్ పుల్లలు. మెడికల్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ₹500 నుంచి ₹1,500 దాకా రకరకాల పేర్లతో దొరుకుతుంది. పేరేదైనా డబ్బా మీద దాదాపు ఒకటే మాట ఉంటుంది: పొట్ట కరుగుతుంది, పాత నడుము తిరిగొస్తుంది. ఆ మాట నమ్మి కొంటే డబ్బు దండగ. లేచి కూర్చునేటప్పుడు, దగ్గేటప్పుడు, నాలుగడుగులు వేసేటప్పుడు పట్టు కోసం కొంటే మాత్రం పనికొచ్చే వస్తువే.

బరువు ఎక్కడుంటుందో, ఎలా పోతుందో తెలిస్తే బెల్ట్ పని ఎంతవరకో తెలుస్తుంది. నెలలు నిండేసరికి 12 కిలోలు పెరిగిన మనిషిని తీసుకోండి. బిడ్డ 3 కిలోల పైచిలుకు, మాయ అరకిలోకి కాస్త ఎక్కువ, ఉమ్మనీరు ముప్పావు కిలో. కాన్పు రోజున పోయేది ఇంతే, రక్తంతో కలిపి 5 కిలోల లోపు. గర్భసంచి అప్పటికి దాదాపు కిలో బరువుంటుంది. అది ముడుచుకుని మామూలు సైజుకు రావడానికి ఆరు వారాలు పడుతుంది. ఒంట్లో చేరిన అదనపు నీరు మొదటి రెండు వారాల్లో మూత్రంగా, చెమటగా వెళ్లిపోతుంది. మిగిలేది 3, 4 కిలోల కొవ్వు. పాలివ్వడం కోసం ఒళ్లు దాచుకున్న నిల్వ అది. వీటిలో ఏ ఒక్కటీ బెల్ట్ బిగించినందువల్ల కరిగేది కాదు. మొదటి నెలలో పొట్ట తగ్గితే అది గర్భసంచి చేసిన పని. పేరు బెల్ట్‌కి పోతోంది.

మూడు ముక్కల్లో నిజంగా అవసరమైనది ఒక్కటే, పొట్టకు కట్టేది. మూడూ ఒకదాని మీద ఒకటి బిగిస్తే కడుపులోని ఒత్తిడంతా కిందికి దిగుతుంది. అక్కడ కాన్పులో సాగి అలసిన కటి కండరాలు ఉంటాయి. దగ్గితే మూత్రం చుక్కలు పడటం, కింద బరువుగా లాగినట్టుండటం మొదలైతే బెల్ట్ బిగువు ఎక్కువైందని మొదట అనుమానించాలి. అన్నం తిన్నాక గుండెల్లో మంట కూడా ఇందుకే వస్తుంది. పథ్యం పేరుతో కూరలు, పళ్లు మాన్పించి కారప్పొడి అన్నమే పెట్టే ఇళ్లలో మలబద్ధకం ఎలాగూ ఉంటుంది. దాని మీద బిగువు బెల్ట్ కూడా తోడైతే ముక్కుడు ఎక్కువై కుట్లకే చేటు.

సైజు దగ్గరే సగం మంది మోసపోతున్నారు. గర్భానికి ముందు వేసుకున్న బట్టల సైజు చెప్పి ముందే తెప్పించుకుంటారు, అది అంచులు కూడా కలవదు. కాన్పయ్యాకే నిలబడి, ఊపిరి వదిలి, బొడ్డు చుట్టూ టేపుతో కొలవాలి. వెడల్పు 8, 9 అంగుళాలుంటే సరిపోతుంది. అంతకన్నా సన్నదైతే కూర్చోగానే చుట్టుకుపోయి పక్కటెముకల కింద తాడులా ఒరుసుకుంటుంది.

పడుకునే పెట్టుకోవాలి. మోకాళ్లు మడిచి, కింది అంచు తుంటి ఎముకల మీదికి వచ్చేలా సర్ది, కింది నుంచి పైకి బిగించాలి. పెట్టుకున్నాక రెండు వేళ్లు లోపలికి సులువుగా దూరాలి, నిండుగా ఊపిరి ఆడాలి. ఒక్కో విడత రెండు మూడు గంటలు చాలు. నిద్రలో వద్దు. ఆపరేషన్ అయినవారు డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. బెల్ట్ అంచు కుట్ల గీత మీద పడకూడదు. గీతను పూర్తిగా కప్పుతూ దాని కిందికి దిగాలి. గాయం ఎర్రబడినా, తడి వచ్చినా, జ్వరం వచ్చినా తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక పాత నూలు చీర సంగతి. మా మటుకు మార్చి నుంచి జూన్ దాకా ఇదే మేలు. అయిదున్నర మీటర్ల చీరను నిలువునా నాలుగు మడతలు వేస్తే సుమారు 11 అంగుళాల పట్టీ అవుతుంది. తుంటి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చుట్టు కాస్త పైకి జరుపుతూ తిప్పితే అయిదు చుట్లు వస్తాయి. కొంగును పక్కకు దోపాలి, ముడి పొట్ట మీద వేయకూడదు. పైనుంచి కిందికి చుట్టారో, పైన చెప్పిన ఒత్తిడి తిప్పలే మళ్లీ. చీరకు గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది. నైలాన్ బెల్ట్ కింద రెండు రోజులకే చెమటకాయలు లేస్తాయి, లోపల పల్చని బనియన్ లేకుండా అది వేయకూడదు. అయితే చీర కట్టడానికి రెండో మనిషి కావాలి. రాత్రి పాలకు లేచినప్పుడు ఒక్కరే పెట్టుకోగలిగేది బెల్టే, ఈ ఒక్క విషయంలో దానిదే పైచేయి.

బరువుకు మందు వేరే ఉంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలో కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఒక పెద్ద చెంచా నెయ్యిలోనే సుమారు 120 ఉంటాయి. ముద్ద ముద్దకీ నెయ్యి పోసి, మధ్యాహ్నం రెండు నువ్వుండలు పెడితే ఆ 600 అక్కడే నిండిపోతాయి. రోజుకు రెండు చెంచాల నెయ్యి, మిగతాది పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు. పొట్ట పెరుగుతుందని నీళ్లు ఆపడం మాత్రం దయచేసి చేయకండి. పాలు కుదురుకున్నాక వారానికి అరకిలో తగ్గితే మంచి వేగం. టేపు కొలత వారానికోసారి, ఉదయాన్నే, బెల్ట్ లేకుండా తీయాలి.

గర్భంతో పొట్ట నడిమధ్యన విడిపోయిన కండరాల ఎడం చూసుకోవడం మరీ ముఖ్యం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొద్దిగా ఎత్తి బొడ్డు పైన వేళ్లు నిలువుగా పెట్టండి. రెండు వేళ్లకు మించి ఎడం ఎనిమిది వారాలకూ తగ్గకపోతే, లేదా అక్కడ ఉబ్బు కనిపిస్తే, ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. అప్పటిదాకా పడుకుని లేచే కసరత్తులు వద్దు. ఊపిరి వదులుతూ బొడ్డు లోపలికి తీసుకుని అయిదు అంకెలు లెక్కపెట్టడం పదిసార్లు, రోజుకు మూడు పూటలు చాలు. అలాగే పది నిమిషాల నడక. బెల్ట్ కట్టుకున్నామని ఈ పని మానేస్తే కండరం బద్ధకిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు బెల్ట్ మానేయాలి.

ఉతికేటప్పుడు వెల్క్రో మూసి, చల్లని నీళ్లలో చేత్తోనే. పిండకూడదు, ఎండలో వేస్తే సాగుడు పోతుంది. వెల్క్రోలో నూలు పోగులు చిక్కుకుంటే పట్టు తప్పుతుంది, పాత టూత్‌బ్రష్‌తో దులిపేయండి. నీడన ఆరడానికి రోజంతా పడుతుంది కాబట్టి ఆ రోజుకు పాత చీర పక్కనే పెట్టుకోండి.