వాడిన ‘ఐఎఫ్‌ఆర్ బ్యాకప్ కిట్’ కొంటున్నారా? ముందు ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉందో లేదో చూడండి

అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాల్ని చూస్తూ విమానం నడిపే అర్హత) తీసుకుని చిన్న విమానాలు నడుపుతున్న మనవాళ్లకి ఒక హెచ్చరిక. పాత ఐప్యాడ్, ఏడీఎస్-బీ రిసీవర్ (వాతావరణం, చుట్టుపక్కల విమానాల సమాచారం అందుకుని ఐప్యాడ్‌కి పంపే డబ్బా) కలిపి ‘కంప్లీట్ ఐఎఫ్‌ఆర్ బ్యాకప్’ (అలా పరికరాల మీద నడిపేటప్పుడు అదనపు ఆసరా) అని ఎవరైనా అమ్ముతుంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకు 600 డాలర్లు పోయాయి. డబ్బు సంగతి అటుంచితే, మబ్బుల్లో నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు.

ఇంట్లో సోఫాలో కూర్చుని చూస్తే అంతా బాగానే ఉంది. మ్యాప్ మీద నీలం చుక్క సరిగ్గా మా వీధిలోనే నిలబడింది. అది ఇంటి వైఫైని బట్టి చూపిస్తోందని నాకు తట్టనే లేదు. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లలో జీపీఎస్ చిప్ ఉండదు, సెల్యులార్ మోడళ్లలోనే ఉంటుంది. అమ్మినతను ప్రకటనలో ‘జీపీఎస్ ఉంది’ అని రాశాడు. ఉన్నది రిసీవర్‌లో!

టెక్సస్‌లోని డెంటన్ నుంచి జార్జ్‌టౌన్ వెళ్తుంటే, మబ్బుల్లోకి దూరిన కాసేపటికి రిసీవర్ ఆరిపోయింది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ గంట కూడా నిలవలేదు. ఆ ఒక్క డబ్బా ఆగగానే ఐప్యాడ్ మీద విమానం బొమ్మ మాయమైంది, వాతావరణం అప్‌డేట్ కావడమూ ఆగింది. ప్యానెల్‌లోని జీపీఎస్ పనిచేస్తోంది కాబట్టి దారి తప్పలేదు. కానీ ముందున్న ఉరుముల మేఘాల పాత బొమ్మ తెర మీద అలాగే ఉండిపోయింది. అసలే ఆ రాడార్ బొమ్మ, దాని మీద కనిపించే సమయం కంటే ఒక్కోసారి 15-20 నిమిషాలు ఎక్కువ పాతది కావచ్చని అమెరికాలో విమాన ప్రమాదాల్ని దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది. దాన్ని నమ్మి మేఘాల మధ్య సందు వెతకడానికి నాకు మనసొప్పలేదు. కంట్రోలర్‌కి చెప్పి దారిలో ఉన్న వేకోలో ఐఎల్‌ఎస్ (రన్‌వే దాకా దారి చూపే రేడియో సిగ్నల్) మీద దిగిపోయాను.

అమ్మినతనికి ఫోన్ చేస్తే, “నా దగ్గర బాగానే పనిచేసింది” అన్నాడు. డబ్బు వాపసు ఇవ్వనన్నాడు.

కొనేముందు ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ తెరవండి. ఐఎంఈఐ నంబర్ లేకపోతే అది సెల్యులార్ మోడల్ కాదు. రిసీవర్, వైఫై రెండూ ఆపేసి ఆరుబయటికి తీసుకెళ్లి చుక్క మీతోపాటు కదులుతోందో చూడండి. రిసీవర్ 978 మెగాహెర్ట్జ్ అందుకుంటుందో లేదో అడగండి. వాతావరణం వచ్చేది దాని మీదే, 1090 మీద రాదు. నేల మీద ఆ సిగ్నల్ చాలాచోట్ల అందదు కాబట్టి ‘పైకెళ్తే వస్తుందిలే’ అంటారు, ఆ మాట నమ్మకండి. బ్యాటరీని మాత్రం రెండు గంటలు నడిపించి చూడాల్సిందే.

వీఓఆర్ (నేల మీది రేడియో స్టేషన్ల ఆధారంగా దారి చూపే పరికరం) చెక్‌ని కూడా 30 రోజులు దాటనివ్వకండి. 2022 అక్టోబరులో డాలస్ చుట్టుపక్కల జీపీఎస్ సిగ్నలే చెడిపోయింది. అలాంటప్పుడు మన దగ్గర ఎన్ని జీపీఎస్‌లున్నా ఒకటే.

నాకు కిట్ అమ్మినతను అవే ఫొటోలతో ఇంకో కిట్ అమ్మకానికి పెట్టాడు. నల్ల కవరు, రిసీవర్ కుడి మూలన పొడవాటి గీత. డాలస్ వైపు ఎవరికైనా కనిపిస్తే కొనేముందు నాకొక మెసేజ్ పెట్టండి.