కలప బడి కట్టేముందు చూసి రావలసిన చోట్లు

మాస్ టింబర్ కట్టడాలు, అంటే భారీ కలప పలకలూ దూలాలే బరువు మోసేవి, చూడ్డానికి యూరప్ వెళ్లేవాళ్లు ముందు టవర్ల వైపే నడుస్తారు. రెండు మూడంతస్తుల బడి కట్టబోయేవాళ్లకు అక్కడ దొరికేది తక్కువ. నార్వేలోని బ్రుముండాల్‌లో 2019లో పూర్తయిన మ్యోస్తోర్నెట్ అనే కలప టవర్ 85.4 మీటర్ల ఎత్తు. గాలికి ఊగకుండా పై ఏడంతస్తులకు బరువు కోసం కాంక్రీటు పలకలే వేశారు. బడికి ఆ బెడద లేదు కాబట్టి ఒక పూట చాలు.

బసకు స్వీడన్‌లోని షెలెఫ్తియో నయం. 2021లో తెరిచిన సారా కుల్తుర్‌హుస్ అనే సాంస్కృతిక కేంద్రం టవర్‌లో హోటల్ గదులు ఫ్యాక్టరీలో చేసిన సీఎల్‌టీ (ఒక పొరకు అడ్డంగా మరో పొర అంటించిన కలప పలక) పెట్టెలు. ఏ పెట్టెకు ఆ పెట్టెకే నేల, కప్పు ఉంటాయి. పైగది అడుగుల చప్పుడు కిందికి ఎంత దిగుతోందో రాత్రి గమనించండి. అయితే ఎనిమిది మీటర్ల తరగతి గదిని అలా పెట్టెగా పేర్చలేం, కాబట్టి బడికి ఆ ఫలితాన్ని అన్వయించుకోకూడదు. కింది అంతస్తుల్లోని పెద్ద హాళ్ల పైకప్పు దూలాలు మాత్రం ప్రార్థన హాలుకు పనికొచ్చే పాఠం.

రోజంతా కేటాయించాల్సింది జర్మనీలో ఆగ్స్‌బుర్గ్ పక్కనున్న డీడోర్ఫ్‌కు. హెర్మన్ కౌఫ్‌మన్, ఫ్లోరియన్ నాగ్లర్ డిజైన్ చేసిన ష్ముట్టర్‌టాల్ గిమ్నాజియం అనే కలప హైస్కూలు 2015 నాటిది. నేలలకు కలప, కాంక్రీటు కలిపి వాడారు. ఎందుకంటే ఉత్త సీఎల్‌టీ పలకను ఎనిమిది మీటర్లకు సాగదీస్తే ఇబ్బంది బలంతో కాదు, నడిస్తే పుట్టే కంపనంతో. చప్పుడు ఆపడానికీ బరువు కావాలి. 160 మిల్లీమీటర్ల సీఎల్‌టీ చదరపు మీటరుకు సుమారు 75 కిలోలుంటే, దానిపై 50 మిల్లీమీటర్ల కాంక్రీటు 120 కిలోలు! కలపతో కార్బన్ తగ్గుతుందన్న లెక్క ఈ కాంక్రీటు వల్ల తప్పేది ఇక్కడే. వీలైతే బరువుకు కాంక్రీటు బదులు పొడి కంకర నింపడం మేలు, రేపు విప్పడమూ తేలిక.

బయటికి కనిపించే గ్లూలాం (చెక్క పట్టీలను ఒకే దిశలో అంటించి చేసిన) దూలాలను కొలిచి చూడండి. కలప కట్టడాలకు యూరప్ ప్రమాణమైన యూరోకోడ్ 5 ప్రకారం మంటలో నిమిషానికి 0.7 మిల్లీమీటర్లు బొగ్గవుతుంది. గంటకు 42, బొగ్గు వెనక వేడికి బలం కోల్పోయే పొరకు మరో 7. రెండు పక్కలా, అడుగునా 49 చొప్పున తీసేశాక మిగిలిందే బరువు మోయాలి.

ఏ బడికైనా ముందుగా అనుమతి రాయించుకోవాలి. సెలవుల్లో సులభంగా దొరుకుతుంది, కానీ పిల్లలు లేని బడిలో శబ్దం సంగతి తెలియదు. పాఠాలు నడిచే రోజు ఒక్క గంట ఇచ్చినా అదే తీసుకోండి. గొట్టాల కోసం పలకల్లో పెట్టిన రంధ్రాల్లో ఎన్ని ఫ్యాక్టరీలో కోశారో, ఎన్ని సైట్‌లో కోయాల్సి వచ్చిందో, వానకు పలకల అంచులను ఎలా కప్పారో అడగండి.