ఉత్తర్వా, సలహానా: ప్రయాణ ఆంక్షలకు ఏది మేలు?

కరోనా తొలి రోజులు. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా గడప దాటొద్దన్నది ప్రధాని పిలుపు. దాటితే శిక్షించే సెక్షన్ ఏదీ ఆ పిలుపులో లేదు. మూడు రోజులకే, 25న మొదలైన 21 రోజుల లాక్‌డౌన్ సంగతి వేరు. కేంద్ర హోం శాఖ దాన్ని విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని సెక్షన్ 10(2)(ఎల్) కింద ఉత్తర్వుగా ఇచ్చింది. రెండు రోజులూ రోడ్లు ఒకేలా ఖాళీగా కనిపించాయి. తేడా అంతా కాగితంలోనే ఉంది.

పేరు చూసి మోసపోకూడదు. ఆ లాక్‌డౌన్ నిబంధనల పైన ఉన్న శీర్షిక కూడా ‘మార్గదర్శకాలు’ అనే. అయినా అవి ఉత్తర్వుకు అనుబంధంగా వచ్చాయి కాబట్టి కట్టుబడాల్సిందే. అందుకే ముందు చూడాల్సింది శీర్షికను కాదు, ‘ఫలానా చట్టం, ఫలానా సెక్షన్ కింద సంక్రమించిన అధికారంతో’ అనే వాక్యాన్ని. అది లేకపోతే అనుమానించాల్సిందే. ఆ తర్వాత క్రియాపదం చూడాలి. 2020 మే 1 నాటి ఉత్తర్వులో 65 ఏళ్లు దాటినవాళ్లు, గర్భిణులు, పదేళ్లలోపు పిల్లలు అత్యవసరమైతే తప్ప ఇంట్లోనే ‘ఉండాలి’. ఆంక్షలు సడలిస్తూ ఇచ్చిన మే 30 నాటి అన్‌లాక్-1 ఉత్తర్వుకొచ్చేసరికి అదే పేరా ‘ఉండాలని సలహా ఇస్తున్నాం’ అని మారింది. ఒక్క మాట మార్పుతో నిబంధన కాస్తా సలహా అయింది. జూన్‌లో డెబ్బై ఏళ్ల పెద్దాయన్ను రైలెక్కకుండా ఆపడానికి ఆ పేరా పనికిరాదు. అదే ఉత్తర్వులో రాత్రి 9 నుంచి ఉదయం 5 దాకా తిరగడం మాత్రం ‘నిషిద్ధం’. అంటే ఒకే కాగితంలో చట్టమూ సలహా పక్కపక్కనే ఉంటాయి. పేరా పేరా విడిగా చదవక తప్పదు.

కరోనా సోకినవాళ్ల దగ్గరికి వెళ్లామేమో చెప్పే ప్రభుత్వ యాప్ ఆరోగ్య సేతుదీ ఇదే కథ. మే 1న ఉద్యోగులందరికీ తప్పనిసరి అన్నారు. మే 17కల్లా సంస్థలు ‘వీలైనంత ప్రయత్నం’ చేయాలన్న స్థాయికి దిగింది. పాత కాగితం పట్టుకుని గేటు దగ్గర ఆపితే ఆ ఆపడానికి ఆధారం లేనట్టే.

ఇక శిక్ష. విపత్తు చట్టం సెక్షన్ 51 కింద ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. ప్రాణనష్టం జరిగినా, ప్రాణాల మీదికి తెచ్చినా రెండేళ్ల దాకా. అప్పట్లో ఐపీసీ (భారత శిక్షా స్మృతి) 188 కూడా వాడేవారు, అధికారి ఉత్తర్వును ధిక్కరిస్తే శిక్షించే సెక్షన్ అది. దాని కింద కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే సంబంధిత అధికారి గానీ, ఆయన పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2024 జూలై 1 నుంచి ఆ చోట బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 223 వచ్చింది. సలహా పాటించకపోతే వీటిలో ఏదీ వర్తించదు.

సలహా మెతక, చట్టం కఠినం అని చాలామంది అనుకుంటారు. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే చాలాసార్లు ఇది తలకిందులవుతుంది. ఉత్తర్వు ఇచ్చేవాళ్లు ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ ప్రాంతంలో, ఎవరికి మినహాయింపు అన్నవి రాయాల్సి వస్తుంది. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) సెక్షన్ 144 కింద, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 163 కింద మేజిస్ట్రేట్ ఇచ్చే ఉత్తర్వుకు మామూలుగా రెండు నెలలే ఆయువు. నచ్చకపోతే కోర్టులో సవాలు చేయొచ్చు. సలహాకు గడువుండదు, మినహాయింపుల జాబితా ఉండదు. దాన్ని చెక్‌పోస్టులో అమలు చేయబోతే ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ల ఇష్టమే చట్టం.

2021 మేలో తెలుగు రాష్ట్రాల సరిహద్దులో ఇది బాగా బయటపడింది. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్‌కు రోగులను తెస్తున్న అంబులెన్సులను కర్నూలు దాటగానే పుల్లూరు టోల్‌గేట్ దగ్గర, కోదాడ వైపు రామాపురం దగ్గర ఆపారు. ముందే ఆస్పత్రిలో బెడ్ ఖాయం చేసుకుని, కంట్రోల్ రూమ్ అనుమతి తెచ్చుకోవాలని మే 11న తెలంగాణ ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది. మే 14న హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. ‘బెడ్ ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి’ అన్నది మంచి సలహా. దాన్నే సర్క్యులర్‌తో గేటుగా మార్చడం దగ్గరే తేడా వచ్చింది. ఆక్సిజన్ మీద ఉన్న మనిషిని టోల్‌గేట్ దగ్గర అరగంట నిలబెట్టడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఈ గందరగోళం మనకే పరిమితం కాదు. 2021 జనవరిలో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఇద్దరు మహిళలు వేర్వేరు కార్లలో ఐదు మైళ్లు వెళ్లి నడకకు దిగితే పోలీసులు తలా 200 పౌండ్ల జరిమానా వేశారు. ‘మీ ప్రాంతంలోనే ఉండండి’ అన్నది అక్కడ సలహా మాత్రమే, చట్టంలో దూరం ప్రస్తావనే లేదు. చివరికి జరిమానాలు రద్దు చేసి క్షమాపణ చెప్పారు.

అయితే ఏది మేలు? మనిషిని ఆపి వెనక్కి పంపే పనికి ఉత్తర్వే మేలు, అదీ గడువు రాసి. ఎవరు ఎప్పుడు బయటికెళ్లాలి, పెద్దవాళ్లు పెళ్లికి పోవాలా వద్దా లాంటివాటికి సలహా చాలు. పోలీసును పెట్టినా అమలు కాని విషయాలివి. రెండిటినీ కలిపేసి ‘కఠిన మార్గదర్శకాలు’ అని ప్రెస్‌మీట్‌లో చెప్పడమే అన్నిటికంటే అన్యాయం.

ప్రయాణం పెట్టుకున్నవాళ్లు టీవీ స్క్రోలింగ్ నమ్మకుండా జీవో పీడీఎఫ్ ఫోన్‌లో దించుకోవాలి. నంబరు, తేదీ, సెక్షన్, మినహాయింపు పేరా చూసి, మీకు వర్తించే పేరాను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. కేంద్రం వదిలేసినదాన్ని రాష్ట్రం పట్టుకుని ఉండొచ్చు. 2020 ఆగస్టు 22న కేంద్ర హోం కార్యదర్శి, రాష్ట్రాల మధ్య రాకపోకలను ఆపొద్దని రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది కదా. అందుకని రెండు కాగితాలూ చూడాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు మాత్రం సలహా కూడా జేబుకు చిల్లు పెట్టగలదు. బ్రిటన్ విదేశాంగ శాఖ ‘వెళ్లొద్దు’ అన్న దేశానికి వెళ్లడం నేరం కాదు గానీ, చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలు అలా వెళ్తే చెల్లవు. టికెట్ కొనేముందు పాలసీలో ఆ క్లాజు వెతుక్కోవాలి.