నెమ్మది గాలికి హాట్ వైర్ మీటరు: కొన్నేళ్ల వాడకం తర్వాత

మందుల ఫ్యాక్టరీల క్లీన్ రూముల్లో (దుమ్ము, క్రిములు చేరకుండా కాపాడే గదుల్లో) గాలి వేగం కొలవడం నా ఉద్యోగం. ఇంజెక్షన్ మందులు నింపే చోట హెపా ఫిల్టర్ల (అతి సన్నని ధూళిని కూడా ఆపే ఫిల్టర్ల) కింద గాలి సెకనుకు 0.36 నుంచి 0.54 మీటర్ల మధ్య ఉండాలి. అంత నెమ్మది గాలికి రెక్కల మీటరు బద్ధకిస్తుంది. బేరింగు పాతబడితే తిరగడమే మానేస్తుంది. గాలి పీడనాన్ని బట్టి వేగం చెప్పే గొట్టం, పీటో ట్యూబుతో మరీ కష్టం. 0.45 మీటర్ల వేగానికి దానిలో పుట్టే పీడనం 0.12 పాస్కల్ మాత్రమే.

హాట్ వైర్ అనిమోమీటర్ దారి వేరు. తీగ వేడిని ఒకే స్థాయిలో నిలపడానికి ఎంత కరెంటు కావాలో చూసి వేగం చెబుతుంది. గాలి లాక్కుపోయే వేడి దాదాపు వేగపు వర్గమూలంతో పాటు పెరుగుతుందని ఎల్.వి. కింగ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1914లోనే చూపాడు. అందుకే తక్కువ వేగాల దగ్గర చిన్న తేడా కూడా స్పష్టంగా తెలుస్తుంది. 0.1 కంటే కిందికి పోతే మాత్రం నేను నమ్మను. అక్కడ తీగ వేడికి పైకి లేచే గాలే రీడింగును చెడగొడుతుంది.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఈ తీగకు తెలిసేది తనను దాటిపోయే గాలి ద్రవ్యరాశి. దాన్ని వేగంగా మార్చేటప్పుడు మీటరు సముద్రమట్టపు పీడనం 1013 హెక్టోపాస్కల్‌ను లెక్కలోకి తీసుకుంటుంది. విశాఖ పక్కన పరవాడలో దీనితో పేచీ లేదు. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, పీడనం 950 దరిదాపుల్లో ఉంటుంది. సరిదిద్దకపోతే రీడింగు సుమారు ఆరు శాతం తగ్గుతుంది. 0.37తో వీస్తున్న మంచి ఫిల్టరు 0.35 చూపి ఫెయిలవుతుంది, 0.57తో పరిమితి దాటినది దర్జాగా పాసవుతుంది. నా మీటరులో పీడనం నమోదు చేసే సదుపాయం ఉంది, కానీ మెనూలో ఎక్కడో అడుగున దాచారు. ఇలాంటిది పైనే కనబడాలి కదా!

ప్రోబ్ (తీగ అమర్చిన కడ్డీ) మీది చుక్క గాలి వచ్చే వైపే ఉండాలి, కాస్త తిప్పినా అంకె మారుతుంది. ఎండలోంచి చల్లని గదిలోకి వస్తే కొన్ని నిమిషాలు ఆగాలి. తీగను నిత్యం వేడి చేయాలి కాబట్టి బ్యాటరీలు త్వరగా అయిపోతాయి. పౌడరు గదుల్లో తీగకు దుమ్ము పట్టి రీడింగు మెల్లగా పడిపోతుంది. క్యాలిబ్రేషన్‌కు, అంటే ప్రామాణిక పరికరంతో సరిచూడటానికి, పంపేదాకా ఆ సంగతి బయటపడదు. మండే ద్రావకాల ఆవిరి ఉన్న చోటికి దీన్ని అసలు తీసుకెళ్లను.

డక్టులో (గాలి పోయే పెద్ద గొట్టంలో) గాలి పది మీటర్ల వేగంతో పోతుంటే నాకు ఇప్పటికీ పీటో ట్యూబే ఇష్టం. దుమ్మూ ధూళికీ తట్టుకుంటుంది. ఫిల్టర్ల కింద పనికైతే హాట్ వైరే కొనండి. ప్రోబ్ విడిగా మార్చుకునే మోడల్ చూసుకోండి, ముందుగా పాడయ్యేది అదే.